ఒక చుక్కలో మూడో వంతు

ఎదిగిన మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులోంచి కణాలన్నీ తీసేస్తే మిగిలే లేత పసుపు ద్రవాన్ని ప్లాస్మా అంటారు. అది 3 లీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఈ ప్లాస్మాలో అతి చిన్న తిత్తులు తేలుతూ తిరుగుతుంటాయి. మన ఒంట్లోని దాదాపు ప్రతి రకం కణమూ వీటిని బయటికి వదులుతూనే ఉంటుంది. శాస్త్రజ్ఞులు వీటిని ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికల్స్ అంటారు, అంటే కణం బయట తిరిగే తిత్తులు. వీటిలో కణం లోపల తయారై బయటపడే చిన్న రకానికి ఎక్సోసోమ్‌లని పేరు. ఆ పేరు ఇప్పుడు పేపర్లలోనే కాదు, క్లినిక్‌ల ప్రకటనల్లో కూడా కనిపిస్తోంది. ఒక గొట్టం రక్తం తీసి, ఈ తిత్తుల్లో ఏముందో చూసి, క్యాన్సర్‌ను మొదట్లోనే పట్టేయవచ్చని వార్తలు వస్తున్నాయి. ఇంట్లో ఒకరిని ఆ జబ్బుకు పోగొట్టుకున్న వాళ్లు అలాంటి వార్తను వదలకుండా చదువుతారు. ఆ ఆశకు ఎంత బలముందో లెక్క కట్టి చూద్దాం. పెద్ద లెక్కలేమీ కావు, గుణకారం, భాగహారం వస్తే చాలు.

ముందు సైజు సంగతి. ఎక్సోసోమ్‌లు 30 నుంచి 150 నానోమీటర్ల దాకా ఉంటాయి. కణం పైపొర ఉబ్బి తెగి పడే పెద్ద రకం 1,000 నానోమీటర్ల దాకా ఉంటుంది. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. లెక్క సులువుగా ఉండటానికి 100 నానోమీటర్ల తిత్తిని తీసుకుందాం. దాన్ని ఆవగింజంత చేశామనుకోండి. అదే నిష్పత్తిలో ఎర్ర రక్తకణం జానెడు లోపు వెడల్పున్న టిఫిన్ ప్లేటంత అవుతుంది, తలవెంట్రుక మందం మనిషి ఎత్తంత అవుతుంది. మామూలు మైక్రోస్కోపు 200 నానోమీటర్ల కంటే చిన్నవాటిని విడదీసి చూపలేదు. అందుకే రక్తపరీక్షలు మొదలై ఎన్నో ఏళ్లయినా ఇవి ఎవరి కంటా పడలేదు.

ఇక ఎన్ని ఉంటాయి? ఒక మిల్లీలీటరు ప్లాస్మాకు కోటి అని చెప్పిన పరిశోధకులున్నారు, లక్ష కోట్లు అని చెప్పిన వాళ్లూ ఉన్నారు. కొలిచే పద్ధతిని బట్టి అంకె మారిపోతోంది. ఇంత తేడా ఎందుకో తర్వాత చెబుతాను. ప్రస్తుతానికి చాలామంది ఒప్పుకునే మధ్య అంకె, వెయ్యి కోట్లు, తీసుకుందాం. మూడు లీటర్లంటే 3,000 మిల్లీలీటర్లు కాబట్టి ఒంట్లో మొత్తం 30 లక్షల కోట్ల తిత్తులు. మన ఎర్ర రక్తకణాలు సుమారు 25 లక్షల కోట్లు. అంటే లెక్కకు ఇవీ అవీ ఇంచుమించు సమానం.

అయితే అన్ని తిత్తులనూ ఒకచోట పోగేస్తే ఎంతవుతాయి? ఒక్కోదాన్ని 100 నానోమీటర్ల గోళం అనుకొని ఘనపరిమాణం కట్టి, 30 లక్షల కోట్లతో హెచ్చవేస్తే 0.016 మిల్లీలీటరు వస్తుంది. మందు పోసే డ్రాపర్‌లోంచి పడే ఒక చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు. మనిషి మొత్తం రక్తంలోని తిత్తులన్నీ కలిసినా ఒక చుక్కలో మూడో వంతే. ల్యాబులో మన దగ్గర తీసుకునేది 5 లీటర్లు కాదు, 10 మిల్లీలీటర్లు. ఈ అంకెను మనసులో ఉంచుకోండి, ముందు చెప్పబోయే చాలా ఇబ్బందులు దీని దగ్గరే పుడతాయి.

మరి ఇంత తక్కువ ఉన్నవి ఏ పనైనా చేయగలవా అంటే, చేయగలవని మొదట చూపింది రక్తం గడ్డకట్టే తీరే. 1946లో న్యూయార్క్‌లో ఎర్విన్ ఛార్గాఫ్, రాండాల్ఫ్ వెస్ట్ ప్లాస్మాను చాలా వేగంగా తిప్పి చూశారు. అడుక్కి దిగినదాన్ని తీసేస్తే ప్లాస్మా గడ్డకట్టడానికి ఎక్కువసేపు పట్టింది. తిరిగి కలిపితే త్వరగా గడ్డకట్టింది. 1967లో బ్రిటన్‌కు చెందిన పీటర్ వుల్ఫ్ ఆ పదార్థం ప్లేట్‌లెట్ల నుంచి రాలినదేనని చూపి, దాన్ని ప్లేట్‌లెట్ ధూళి అన్నాడు. డెంగీ కాలంలో కౌంట్ ఎంతుందని మనం ఆరా తీసే ప్లేట్‌లెట్లే ఇవి. స్కాట్ సిండ్రోమ్ అనే అతి అరుదైన జబ్బులో ప్లేట్‌లెట్ల కౌంట్ మామూలుగానే ఉంటుంది, కానీ పన్ను పీకించుకున్నా, కాన్పయినా రక్తం ఆగదు. గడ్డకట్టే పదార్థాలు అతుక్కోవడానికి కావలసిన కొవ్వును ప్లేట్‌లెట్ తన పైపొర బయటివైపుకు తిప్పాలి, తిత్తులూ విడవాలి. ఈ రోగుల్లో ఆ రెండూ సరిగ్గా జరగవు. ధూళి అని పేరు పడ్డా, అది లేకపోతే ఎంత ప్రమాదమో ఈ జబ్బే చూపించింది.

ఎక్సోసోమ్‌ల కథ గొర్రెల రక్తంతో మొదలైంది. మన ఒంట్లో సెకనుకు సుమారు 24 లక్షల ఎర్ర రక్తకణాలు పుడతాయి. కావాలంటే 25 లక్షల కోట్లను ఒక్కో కణం బతికే 120 రోజుల్లోని సెకన్లతో భాగించి చూడండి. పిల్ల కణం హిమోగ్లోబిన్ చేసుకోవడానికి ఇనుము కావాలి, ఆ ఇనుమును పట్టి లోపలికి లాగే కొక్కేల లాంటి ప్రొటీన్లు దాని పైన ఉంటాయి. ఎదిగాక వాటితో పనిలేదు. మరి అవి ఏమవుతున్నాయి? 1983లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో రోజ్ జాన్‌స్టన్ బృందం గొర్రె రక్తంలోని పిల్ల కణాల్లో, అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఫిలిప్ స్టాల్ బృందం ఎలుక కణాల్లో ఒకే సంగతి చూశారు. కణం ఆ ప్రొటీన్లను చిన్న తిత్తుల్లో పెట్టి బయటికి తోసేస్తోంది. ఎక్సోసోమ్ అన్న పేరు 1987లో జాన్‌స్టన్ పెట్టిందే. ఆ తర్వాత పదేళ్లకు పైగా చాలామంది వీటిని కణం పారేసే చెత్తగానే చూశారు.

ఆ అభిప్రాయం మెల్లగా మారింది. రోగనిరోధక కణాల తిత్తులు మిగతా కణాలను మేల్కొలపగలవని 1996లో గ్రాసా రపోజో బృందం చూపింది. 2007లో స్వీడన్‌లో హాదీ వలాది, యాన్ లోట్వాల్ బృందం తిత్తుల్లో ఆర్‌ఎన్‌ఏ ఉందనీ, అది వేరే కణంలోకి వెళ్లి పనిచేయగలదనీ చెప్పింది. ఆర్‌ఎన్‌ఏ అంటే జన్యువుల నుంచి కణం రాసుకునే పని చీటీ. మరుసటి ఏడాది బోస్టన్‌లో జోహాన్ స్కోగ్, జాండ్రా బ్రేక్‌ఫీల్డ్ తదితరులు మెదడులో వచ్చే గ్లయోబ్లాస్టోమా అనే క్యాన్సర్ ఉన్న 25 మంది రక్తం చూశారు. వారిలో 7 మంది రక్తంలోని తిత్తుల్లో ఆ కణితికే ప్రత్యేకమైన ఆర్‌ఎన్‌ఏ దొరికింది. ఆ మార్పు అందరి కణితుల్లోనూ ఉండదు కాబట్టి 7 చిన్న అంకేమీ కాదు. పుర్రె తెరవకుండా, చేతి నరంలోంచి తీసిన రక్తంలో మెదడు కణితి ఆచూకీ తెలిసింది! ఈ రంగంలోకి డబ్బూ మనుషులూ వెల్లువలా వచ్చింది ఆ తర్వాతే.

అందరూ ఇలా ఉత్సాహంగా ఉన్నప్పుడు ఆగి లెక్కపెట్టిన వాళ్లలో మునీశ్ తివారీ ఒకరు. అప్పట్లో సియాటెల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రంలో ఉండేవారు. ఈ రంగంలో నాకు అన్నిటికంటే విలువైన పనిగా కనిపించేది ఆయనది. ఆయన పని మైక్రో ఆర్‌ఎన్‌ఏల మీద. అవంటే ఇరవై రెండు అక్షరాల పొడవుండే బుల్లి ఆర్‌ఎన్‌ఏలు, ఏ జన్యువు ఎంత పనిచేయాలో ఇవి సర్దుతుంటాయి. రక్తంలో ఇవి చెక్కుచెదరకుండా ఉంటాయనీ, ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్లలో వీటిలో ఒకటి ఎక్కువగా కనిపిస్తోందనీ 2008లో ఆయన బృందమే చెప్పింది. రక్తంలో ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైములు పుష్కలంగా ఉంటాయి. అయినా ఇవి మిగిలాయంటే తిత్తులే వీటిని కాపాడుతున్నాయని చాలామంది అనుకున్నారు.

ఆ అనుకోవడాన్నే తివారీ బృందం పరీక్షకు పెట్టింది. 2011లో ప్లాస్మాను వేరు వేరు భాగాలుగా విడదీసి ఏ భాగంలో ఎంత మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఉందో కొలిచారు. దాదాపు 90 శాతం దాకా తిత్తుల్లో లేదు. ఆర్గోనాట్ అనే ప్రొటీన్‌ను పట్టుకొని విడిగా తిరుగుతోంది. 2014లో ఇంకో మెట్టు ముందుకెళ్లి, తిత్తులనూ లెక్కపెట్టారు, వాటిలోని ఆర్‌ఎన్‌ఏ అణువులనూ లెక్కపెట్టారు. బాగా ఎక్కువగా దొరికే రకాన్ని తీసుకున్నా, సగటున 100కు పైగా ఎక్సోసోమ్‌లు వెతికితే దాని కాపీ ఒక్కటి దొరుకుతుందని తేలింది. తిత్తుల నిండా సందేశాలు కూరి ఉంటాయని బొమ్మలు వేస్తుంటారు కదా, ఒక్కో రకం సందేశం లెక్కన చూస్తే ఎక్కువ తిత్తులు ఖాళీయే.

దీన్ని ఇప్పుడు చిన్న కణితికి అన్వయించి చూద్దాం. సెంటీమీటరు వెడల్పున్న, గ్రాము బరువు కణితిలో 100 కోట్ల దాకా కణాలుంటాయని అంచనా. ఒంట్లో మొత్తం కణాలు 30 లక్షల కోట్లు. అన్నీ సమానంగా తిత్తులు విడుస్తాయని అనుకుంటే 30,000 తిత్తుల్లో ఒకటి కణితిది. 10 మిల్లీలీటర్ల రక్తం తీస్తే 5 మిల్లీలీటర్ల ప్లాస్మా, అందులో 5,000 కోట్ల తిత్తులు. 30,000తో భాగిస్తే కణితి వంతు దాదాపు 17 లక్షలు. బాగానే ఉందే అనిపిస్తుంది. వందకు ఒకటి చొప్పున సందేశం చూసుకుంటే 17,000 అణువులు. ఆ సందేశం కణితి మాత్రమే చేసేదైతే ఇవి చాలు. ఆరోగ్యంగా ఉన్న కణాలు కూడా దాన్ని కొద్దోగొప్పో చేస్తుంటే మాత్రం, 5,000 కోట్ల తిత్తుల నుంచి వచ్చే అదే సందేశంలో ఈ 17,000 కలిసిపోతాయి.

ఇక్కడ మీకు ఒక అనుమానం రావాలి. కణితి కణాలు మామూలు వాటికంటే ఎక్కువ తిత్తులు విడుస్తాయి కదా? కొన్ని విడుస్తాయి, అప్పుడు లెక్క మెరుగవుతుంది. కానీ ప్లాస్మాలోని తిత్తుల్లో సింహభాగం ప్లేట్‌లెట్లు, రక్తకణాలు, రక్తనాళాల లోపలి పొర విడిచినవి. అవయవం లోతుల్లో ఉన్న కణితి తిత్తులన్నీ రక్తం దాకా రావు. అటు కూడిక, ఇటు తీసివేత రెండూ ఉన్నాయి కాబట్టి నేను వేసింది ఉదారమైన లెక్కేనని చెప్పాలి.

రెండో చిక్కు కొవ్వుది. లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులో ఎల్‌డీఎల్ అని ఒక వరుస చూసే ఉంటారు. అది కొలెస్టరాల్‌ను మోసుకుపోయే రేణువు, సుమారు 25 నానోమీటర్లుంటుంది. మామూలు మనిషి మిల్లీలీటరు ప్లాస్మాలో అవి దాదాపు 10 కోట్ల కోట్లు. అంటే ఒక్కో తిత్తికి లక్ష ఎల్‌డీఎల్ రేణువులు. మన ఆవగింజ కొలతలో ఎల్‌డీఎల్ బొంబాయి రవ్వ పలుకంత ఉంటుంది కాబట్టి, లక్ష రవ్వ పలుకుల్లో ఒక్క ఆవగింజను ఏరాలి. భోజనం చేశాక రక్తంలోకి వచ్చే కొవ్వు రేణువులు ఇంకా పెద్దవి, కొన్ని సరిగ్గా తిత్తులంతే ఉంటాయి. అన్నం తిన్న గంట రెండు గంటల తర్వాత తీసిన రక్తంలో ప్లాస్మా పాలు కలిపినట్టు మసకబారడం ల్యాబు వాళ్లకు రోజూ కనిపించేదే. కాంతి పడేసి రేణువులను లెక్కపెట్టే యంత్రానికి కొవ్వు ఏదో తిత్తి ఏదో తెలియదు. కోటి నుంచి లక్ష కోట్ల దాకా అంకెలు ఊగడానికి ముఖ్య కారణాల్లో ఇది ఒకటి.

రక్తం తీసే తీరు కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. మరీ సన్న సూది వాడినా, గొట్టాన్ని కుదిపినా, బయట చాలాసేపు ఉంచినా ప్లేట్‌లెట్లు గొట్టంలోనే కొత్త తిత్తులు విడుస్తాయి. మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల ప్లేట్‌లెట్లుంటాయి కాబట్టి, రోగి ఒంట్లో లేనిది గొట్టంలో పుట్టడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే జాగ్రత్తగల ల్యాబుల్లో మొదట వచ్చిన కొద్దిపాటి రక్తాన్ని వదిలేసి తర్వాతిదే వాడతారు. భూమి గురుత్వానికి 2,500 రెట్ల బలంతో పావుగంట చొప్పున రెండుసార్లు తిప్పి ప్లేట్‌లెట్లను తీసేశాకే ప్లాస్మాను ఫ్రీజర్‌లో పెడతారు. తిత్తులు కావాలంటే ఆ తర్వాత లక్ష రెట్ల బలంతో గంటకు పైగా తిప్పాలి. యంత్రం ఆగాక గొట్టం అడుగు చూస్తే చాలాసార్లు ఏమీ కనబడదు. అందుకే తిప్పడానికి ముందే గొట్టం బయటి వైపు పెన్నుతో గుర్తు పెట్టుకుంటారు. తిత్తులు ఆ గుర్తు కింద ఉన్నాయన్న లెక్కతో, దాన్ని తాకకుండా పైన ఉన్న ద్రవాన్ని వంపేస్తారు. చుక్కలో మూడో వంతు అన్న అంకె బల్ల మీద కనబడే తీరు ఇది.

ఇన్ని చిక్కుల మధ్య కొన్ని గొప్ప ఫలితాలు నిలవకపోవడంలో ఆశ్చర్యం లేదు. 2015లో టెక్సాస్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో రఘు కల్లూరి బృందం, గ్లిపికాన్-1 అనే ప్రొటీన్ ఉన్న ఎక్సోసోమ్‌లు పాంక్రియాస్ క్యాన్సర్ రోగులను ఆరోగ్యవంతుల నుంచి ఒక్క తప్పూ లేకుండా వేరుచేశాయని ప్రచురించింది. తర్వాత వేరే బృందాలు చేసి చూస్తే అంత శుభ్రమైన గీత రాలేదు. మెదడు కణాల తిత్తులను రక్తంలోంచి ఏరడానికి ఎల్1క్యామ్ అనే ప్రొటీన్‌ను గుర్తుగా పెట్టుకొని ఎన్నో పరిశోధనలు జరిగాయి. రక్తంలో ఆ ప్రొటీన్ తిత్తుల మీద కాదు, విడిగా తిరుగుతోందని 2021లో హార్వర్డ్‌లోని డేవిడ్ వాల్ట్ బృందం చూపింది. ఇందులో ఎవరినీ తప్పుపట్టనక్కర్లేదు. కొలిచే వస్తువు మరీ చిన్నది, చుట్టూ గోల ఎక్కువ. ఈ రంగంలోని వాళ్లే 2011లో అంతర్జాతీయ సంఘం పెట్టుకొని, 2014, 2018, 2023ల్లో కనీస నియమాలు రాసుకున్నారు.

సరే, యంత్రాలు బాగుపడి మంచి పరీక్షే వచ్చిందనుకుందాం. అందరికీ చేసేయవచ్చా? లక్షకు 20 మందికి ఉండే జబ్బును ఉదాహరణగా తీసుకోండి. పరీక్ష జబ్బున్న వాళ్లలో 90 శాతం మందిని పడుతుంది, లేని వాళ్లలో 5 శాతం మందికి మాత్రమే పొరపాటున ఉందంటుంది. లక్ష మందికి చేస్తే 18 మంది నిజమైన రోగులు దొరుకుతారు. వాళ్లతో పాటు 4,999 మంది ఆరోగ్యవంతులకు కూడా క్యాన్సర్ అనుమానం అని రిపోర్టు వస్తుంది. రిపోర్టు చేతిలో పట్టుకున్న ప్రతి 279 మందిలో ఒక్కరికే జబ్బు. మిగతా 278 ఇళ్లలో స్కానులు, బయాప్సీలు, అప్పులు, నిద్రలేని రాత్రులు. 95 శాతం సరైనదని ప్రకటనలో రాసినా ఇది మారదు. ఏ పరీక్ష గురించి చదివినా, ఎవరి మీద చేశారు, జబ్బు ఎంతమందిలో ఉంటుంది అని చూడమని నేను చెప్పేది అందుకే.

మరి ఎక్కడా పనికిరాలేదా? వచ్చింది. అది కూడా పై లెక్కలు అనుకూలించిన చోటే. ప్రోస్టేట్ గ్రంథి నుంచి తిత్తులు నేరుగా మూత్రంలోకి వస్తాయి, అక్కడ ఎల్‌డీఎల్ మంద లేదు, ప్లేట్‌లెట్ల గోలా లేదు. అమెరికాలో ఎక్సోడీఎక్స్ ప్రోస్టేట్ అనే మూత్రపరీక్ష వాడకంలో ఉంది. ఎక్సోసోమ్‌లలోని మూడు జన్యువుల ఆర్‌ఎన్‌ఏ కొలిచి ఒక స్కోరు ఇస్తుంది. 2016లో ప్రచురించిన పరిశోధనలో 519 మంది ఉన్నారు. వీళ్లు దారిన పోయే వాళ్లు కాదు, పీఎస్‌ఏ రక్తపరీక్షలో అనుమానం వచ్చి బయాప్సీ దాకా వచ్చిన వాళ్లు. ఈ స్కోరును నమ్మి ఉంటే వారిలో 138 మందికి, అంటే నలుగురిలో ఒకరికి పైగా, సూది గుచ్చే పని తప్పేది. దానికి మూల్యంగా ప్రమాదకరమైన రకం క్యాన్సర్ ఉన్నవారిలో 5 శాతం మంది తప్పిపోయేవారు. ఈ పరీక్ష క్యాన్సర్ ఉందో లేదో తేల్చదు. బయాప్సీ ఇప్పుడే అవసరమా అన్న ఒక్క ప్రశ్నలో డాక్టరుకు సాయపడుతుంది.

గర్భిణుల విషయంలోనూ లెక్క అనుకూలంగానే ఉంది. బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోయే ప్రీఎక్లాంప్సియా మనకు తెలిసిందే. అది ముదిరి ఫిట్స్ వస్తే గుర్రపు వాతం అంటాం. మాయ విడిచే తిత్తులు తల్లి రక్తంలో ఉంటాయనీ, ఈ జబ్బులో అవి పెరుగుతాయనీ ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్ రెడ్‌మన్, ఇయాన్ సార్జెంట్ ఏళ్ల తరబడి పనిచేసి చూపారు. నెలలు నిండేనాటికి మాయ దాదాపు అర కిలో ఉంటుంది, అంటే మనం లెక్కించిన గ్రాము కణితికి 500 రెట్లు. పైగా అది తల్లి రక్తంలోనే మునిగి ఉంటుంది, వేరే ఏ అవయవమూ అంతగా చేయని ప్రొటీన్లు దాని పైన ఉంటాయి. మన ఆసుపత్రుల్లో ఈ జబ్బును ఇప్పటికీ బీపీ, మూత్రపరీక్షలతోనే గుర్తిస్తారు, నెలనెలా ఆ రెండూ చేయించుకోవడం మానకూడదు. కానీ రక్తంలోని తిత్తుల నుంచి ముందుగా మేలు జరిగే చోటు ఏదని అడిగితే నేను కణితుల కంటే ముందు మాయ వైపే చూస్తాను.

చివరగా, ఎక్సోసోమ్‌లను ఒంట్లోకి ఎక్కించే చికిత్సల గురించి. మోకాళ్ల నొప్పికి, జుట్టుకు, ముఖానికి, వయసు తగ్గడానికి అంటూ ఇంజెక్షన్లు అమ్ముతున్నారు. ఇలాంటి ఉత్పత్తులతో కొందరికి తీవ్రమైన దుష్ఫలితాలు కలిగాయనీ, తాము ఆమోదించిన ఎక్సోసోమ్ ఉత్పత్తి ఏదీ లేదనీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులో ప్రజలను హెచ్చరించింది. మీకు ఎవరైనా ఆ సీసా చూపిస్తే మూడు సంగతులు అడగండి. ఇందులో తిత్తులు ఎన్ని ఉన్నాయి, ఏ కణాల నుంచి తీశారు, వాటిలో ఏముందో ఎలా కొలిచారు. జవాబు కాగితం మీద రాసి ఇవ్వలేకపోతే చెయ్యి చాచకండి.